రోజూ తిరిగే బండి, ముచ్చటపడ్డ బండి

“చేతిలో కాస్త డబ్బుంది. బుద్ధిగా ఒక వ్యాగన్ఆర్ తీసుకుని ఆఫీసుకి వెళ్లొస్తూ ఉండాలా? ఎప్పట్నుంచో మనసుపడ్డ పాత జిప్సీ కొని బాగుచేయించుకోవాలా?”

కార్ల గురించి నాలుగు ముక్కలు తెలుసని పేరు పడితే చాలు, ఈ ప్రశ్న వెతుక్కుంటూ వస్తుంది. అడిగేది సాధారణంగా ఉద్యోగంలో కొత్తగా కుదురుకున్న కుర్రాడు. ఇంట్లో నాన్నగారి ఓటు వ్యాగన్ఆర్‌కి, స్నేహితుల ఓటు జిప్సీకి. షెడ్డులో మెకానిక్ మాత్రం ఏదైనా మంచిదే అంటాడు. రెండూ ఎప్పటికైనా తన దగ్గరికి రావలసినవే కదా.

ఎవరి ఇష్టం వాళ్లది అని తేల్చేస్తే ఈ అధ్యాయమే అక్కర్లేదు. అయితే ఆ ఇష్టం వెనక కొంత లెక్క ఉంది, కొంత రసాయనశాస్త్రం ఉంది, మనిషి మనసు గురించి ప్రయోగాల్లో తేలిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చూశాక కూడా జిప్సీయే కావాలనిపిస్తే హాయిగా కొనుక్కోవచ్చు.

వెయ్యిలో ఒకటి

బావిలోంచి నీళ్లు రావాలంటే చేద బాగుండాలి, తాడు బాగుండాలి, గిలక బాగుండాలి. చేదా గిలకా కొత్తవే అయినా తాడు తెగితే బిందె ఖాళీయే. కారు కూడా ఇంతే. కాకపోతే ఇక్కడ మూడు వస్తువులు కావు, చాలా ఉన్నాయి. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, పెట్రోలు పంపు, కాయిల్, ప్లగ్గులు, క్లచ్ వైరు, రేడియేటరు గొట్టం… ఏ ఒక్కటి మొరాయించినా బండి ఇంటిముందే ఉంటుంది. ఇలాంటి అమరికను వరుస వ్యవస్థ అందాం. ఇంజనీర్లు సిరీస్ సిస్టమ్ అంటారు.

బండి కదలడానికి తప్పనిసరిగా పనిచేయాల్సిన భాగాలు వంద ఉన్నాయనుకుందాం. ఒక్కో భాగం ఇవాళ చెడిపోయే అవకాశం వెయ్యిలో ఒకటి మాత్రమే అనుకుందాం. వినడానికి బాగానే ఉంది. వెయ్యి రోజులంటే దాదాపు మూడేళ్లు. కానీ వందా ఏకకాలంలో బాగుండే అవకాశం లెక్కగడితే నూటికి 90 దగ్గర తేలుతుంది. అంటే పదిరోజుల్లో ఒకరోజు బండి కదలదు. వారానికి ఐదురోజులు ఆఫీసున్నవాడికి రెండు వారాలకొకసారి క్యాబ్ తప్పదన్నమాట. అదే ఒక్కో భాగం పదింతలు నమ్మకంగా ఉంటే, అంటే చెడిపోయే అవకాశం పదివేలలో ఒకటైతే, బండి వందరోజులకొకసారి మాత్రమే మొండికేస్తుంది. కొత్త కారుకి మనం పెట్టే డబ్బులో చాలా భాగం ఈ కనబడని పదింతలకే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. యంత్రభాగాలు చెడిపోయేది ముఖ్యంగా రెండు దశల్లో. తయారీ లోపమో బిగింపు లోపమో ఉంటే మొదట్లోనే బయటపడుతుంది. ఆ గండం గడిస్తే చాలాకాలం పెద్దగా పేచీ ఉండదు. చివరికి అరుగుదల మొదలై మళ్లీ చెడిపోవడం ఎక్కువవుతుంది. మామూలుగా వాడే నాలుగేళ్ల కారులో దాదాపు అన్ని భాగాలూ నడిమి దశలో ఉంటాయి. బాగుచేస్తున్న పాత కారు సంగతి అలా కాదు. నిన్న వేసిన కొత్త సామాను మొదటి గండంలో ఉంటుంది, ఇంకా మార్చనిది చివరి గండంలో ఉంటుంది. “అంత ఖర్చుపెట్టి ఇంజన్ చేయించాను, అయినా ఆగిపోతోందేమిటి?” అని యజమాని వాపోతాడు. ఖర్చుపెట్టిన మరునెలే ఆగడంలో వింతేమీ లేదు. రెండు రకాల గండాలూ ఒకే బోనెట్ కింద చేరాయి.

చెడిపోయిన భాగం ఖరీదు అది ఎప్పుడు చెడినా అంతే. నష్టం మాత్రం అది ఎప్పుడు చెడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటి గేటు దగ్గర క్లచ్ వైరు తెగితే అది కాలక్షేపం. సోమవారం ఉదయం ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద, వెనకసీట్లో స్కూలు యూనిఫాంలో పిల్లలుండగా తెగితే అదే వైరు ఇంటిల్లిపాదికీ గొడవ.

ఒక లీటరు పెట్రోలుకి తొమ్మిదివేల లీటర్ల గాలి

పాత బండిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు, కొత్తదానికి చెయ్యిపెట్టలేం అంటారు. నిజమే. ఆ పాత బండికే అస్తమానం చెయ్యిపెట్టవలసి వస్తుంది. ఈ రెండిటికీ కారణం ఒకటే.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకి 14.7 గ్రాముల గాలి కావాలి. పరిమాణంలో చెబితే లీటరు పెట్రోలుకి సుమారు తొమ్మిదివేల లీటర్ల గాలి. పాత కార్లలో ఈ పాళ్లు కలిపేది కార్బొరేటర్. 1983 డిసెంబరు 14న తొలి యజమాని చేతికి తాళాలు అందిన మారుతి 800లో ఉన్నది అదే. 796 సీసీల మూడు సిలిండర్ల ఆ ఇంజన్‌కి కార్బొరేటర్ పోయి, కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వచ్చేసరికి 2000 సంవత్సరం దగ్గరపడింది. జిప్సీ కథా అంతే. 1985లో 970 సీసీల ఇంజన్‌తో వచ్చింది, 1996లో 1.3 లీటర్ల ఇంజన్ పెట్టారు, ఇంజెక్షన్ వచ్చింది ఆ తరవాతే.

కార్బొరేటర్ విప్పితే లోపల జెట్ అనే ఇత్తడి మర ఉంటుంది. చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. దాని మధ్య మిల్లీమీటరుకి అటూఇటూగా ఒక రంధ్రం. పెట్రోలు అందులోంచే రావాలి. బండి రెండుమూడు నెలలు కదలకుండా ఉంటే గిన్నెలో మిగిలిన పెట్రోలులో తేలికపాటి అంశాలు ఆవిరైపోతాయి, మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపురంగు జిగురుగా మారుతుంది. ఆ జిగురు రంధ్రం అంచుకి పట్టుకుంటుంది. వెలుతురుకెదురుగా పట్టి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన చుక్క నెలవంకలా కనిపిస్తుంది. అనుభవమున్న మెకానిక్ దాన్ని క్లీనర్‌లో నానబెట్టి గాలి కొడతాడు. తొందరపడి పిన్నీసు పెట్టి పొడిచామా, మెత్తటి ఇత్తడి రంధ్రం వెడల్పవుతుంది. ఇక ఆ బండి మైలేజీ జన్మలో కుదురుకోదు.

జెట్ రంధ్రం ఎప్పుడూ ఒకటే, బయటి గాలి మాత్రం మారుతుంటుంది. విశాఖపట్నంలో సముద్రమట్టానికి సరిచేసిన కార్బొరేటర్‌తో అరకు లోయకి ఎక్కితే అక్కడి ఎత్తులో గాలి సాంద్రత ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఇంజన్ బరువుగా లాగుతుంది, పొగ గొట్టం నల్లబడుతుంది. కొత్త కారులో పొగగొట్టంలోనే ఒక ఆక్సిజన్ సెన్సర్ కూర్చుని, మండగా మిగిలిందెంతో చూసి ఇంజన్ కంప్యూటర్‌కి చెబుతూ ఉంటుంది. కంప్యూటర్ క్షణక్షణం పాళ్లు సరిదిద్దుతుంది. ఘాట్ ఎక్కామన్న సంగతి డ్రైవరుకి తెలియకపోవచ్చు గానీ ఇంజన్‌కి తెలుసు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి కార్బొరేటర్ బండికి మిశ్రమం పలచనవుతుంది. దానికితోడు ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, దాని కోసం తయారుచేయని పాత రబ్బరు గొట్టాల్నీ సీళ్లనీ పాడుచేస్తుంది. పాత బండి కొన్నవాడు మొట్టమొదట పెట్రోలు గొట్టాలన్నీ మార్పించడం ఉత్తమం. ఇక్కడ బేరాలొద్దు. అది నిప్పుతో వ్యవహారం.

పాళ్లు తనంతట తాను సరిచేసుకోలేకపోవడమే కార్బొరేటర్ లోపం, దాని అందమూ అదే. స్క్రూడ్రైవరు పావు చుట్టు తిప్పితే ఇంజన్ చప్పుడు మారుతుంది. చేసిన పని ఫలితం అక్కడికక్కడే చెవికి వినబడుతుంది. కొత్త కారులో ఈ సుఖం లేదు. కానీ ప్రతి ఉదయం ఎనిమిదింటికి ఎవరైనా ఈ సుఖం కోరుకుంటారా అన్నది ఆలోచించాలి.

ఆగి ఉన్నా అరుగుతుంది

“రోజూ తీయను కదా, పాడవదు” అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నిండా ఛార్జి ఉన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది. వాడకపోతే తనంతట తానే కారిపోతూ 12 దాకా దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. అలాగే వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జి పట్టదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. అనంతగిరి ఘాట్ దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే అంత వేడి పుట్టడం కష్టమేమీ కాదు. మరిగితే గొట్టంలో ఆవిరి చేరుతుంది, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది.

కొత్త కారుని మరీ తక్కువదూరాలకి వాడేవాళ్లకీ ఒక మాట. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ వేడెక్కితే అది ఆవిరిగా పోతుంది. వీధి చివర కిరాణాకొట్టు దాకా వెళ్లి ఆపేస్తుంటే ఆ నీరు సైలెన్సర్‌లోనే నిలిచి లోపల్నుంచి తినేస్తుంది. రెండు కిలోమీటర్లకి కారు తీయడం కారుకీ మంచిది కాదు, మనకీ కాదు.

అసలు శత్రువు తుప్పు. ఇంజన్‌ని దింపి బోరింగ్ చేయించవచ్చు, గేర్‌బాక్స్ మార్చవచ్చు. బాడీ అడుగు పోతే మాత్రం మిగిలేది కాగితాలే. ఇనుము నీటితో, ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారినప్పుడు పరిమాణం బాగా పెరుగుతుంది. అందుకే రంగు పైకి లేస్తుంది. డోరు అడుగున శనగగింజంత బుడగ కనబడిందంటే వెనకవైపు రూపాయిబిళ్లంత రేకు పోయిందనుకోవాలి. బుడగ వచ్చేది ఎప్పుడూ లోపలి పని పూర్తయ్యాకే. ఉప్పుగాలి ఈ పనిని వేగిరం చేస్తుంది. అందుకే భీమిలి రోడ్డు పక్కన ఆరుబయట పెరిగిన బండికీ హైదరాబాద్ పొడిగాలిలో షెడ్డులో ఉన్న బండికీ ఒకే మోడల్, ఒకే సంవత్సరం అయినా పోలిక ఉండదు. చూడ్డానికి వెళ్లినప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకువెళ్లండి. రేకుకి అంటుకుంటుంది, పుట్టీకి అంటుకోదు. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి బొటనవేలితో గట్టిగా నొక్కండి. యజమాని మొహం మారిపోతే సగం సమాధానం అక్కడే దొరికినట్టు.

సరదా ఎక్కడ పుడుతుంది?

అరవైలో పోయే జిప్సీ, వందలో పోయే సెడాన్ కన్నా ఎందుకు ఎక్కువ ఉత్సాహంగా ఉంటుంది? మనిషికి వేగాన్ని నేరుగా కొలిచే ఇంద్రియం లేదు. పక్కనున్నవి వెనక్కి పరిగెత్తడం, చప్పుడు, అదురు, గాలి, వీటిని బట్టి మెదడు అంచనా వేసుకుంటుంది. ఈ సంకేతాలన్నిటినీ మూసేయడానికే కొత్త కారులో అద్దాలూ రబ్బర్లూ మందపు మ్యాట్లూ. జిప్సీలో కట్టల స్ప్రింగుల మీద ప్రతి గుంతా వెన్నుకి చేరుతుంది. ముందు చక్రాలు రోడ్డుని పట్టుకున్నప్పుడు స్టీరింగ్‌ని నిటారుకి లాగే బలం ఒకటుంటుంది. టైరు పట్టు జారబోతోందంటే అది తగ్గుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండిలో ఆ మార్పు అరచేతికి తెలుస్తుంది. 1989లో మియాటా అనే చిన్న రెండుసీట్ల కారు తెచ్చినప్పుడు జపాన్‌లోని మాజ్డా కంపెనీ నమ్ముకున్నది ఈ స్పర్శనే. దాని ఇంజన్ పెద్దదేమీ కాదు.

ఇదే బండి సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో ఎలా ఉంటుందో చూద్దాం. అదురు అంతే ఉంది, చప్పుడు అంతే ఉంది, స్టీరింగ్ అంతే బరువుగా ఉంది. వేగం లేదు, మలుపు లేదు. మిగిలింది ఎడమకాలి పిక్కనొప్పి. ఖాళీ రోడ్డు మీద సరదా ఇచ్చిన గుణాలే ఇక్కడ శిక్షగా మారాయి. ముచ్చటపడి కొన్న బండిని రోజువారీ చాకిరీకి పెట్టినవాళ్లు ఏడాది తిరక్కుండానే అమ్మకానికి పెట్టడం వెనక ఉన్నది ఇదే. వాళ్లకి కారు మీద విసుగు పుట్టలేదు, ట్రాఫిక్ మీద పుట్టింది. అమ్మేసింది మాత్రం కారునే.

సరదాలో రెండో సగం నడపడంలో లేదు, చేయడంలో ఉంది. మైకేల్ నార్టన్, డేనియల్ మోషాన్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు మనుషుల చేత కాగితం బొమ్మలు మడతపెట్టించారు, ఐకియా పెట్టెలు బిగింపజేశారు. 2012లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, తమ చేత్తో చేసినదానికి మనుషులు మిగతావాళ్లకన్నా ఎక్కువ విలువ కడతారు. ఐకియా ప్రభావం అని పేరు పెట్టారు. ఆ ఫర్నిచర్ కంపెనీ మనదేశంలో మొదటి దుకాణం 2018 ఆగస్టులో తెరిచింది హైదరాబాద్‌లోనే కాబట్టి పేరు మనకి పరిచయమే. ఆ ప్రయోగంలో అంతగా ప్రచారం కాని సంగతి ఇంకొకటి ఉంది. పని పూర్తిచేయలేకపోయినవాళ్లలో, చేసినదాన్ని మళ్లీ విప్పేసినవాళ్లలో ఆ ప్రేమ కనబడలేదు. ఇంజన్ ఒక మూలా, డోర్లు ఇంకో మూలా పడి ఉన్న కారు యజమానికి దాన్ని చూడాలనే అనిపించకపోవడం సోమరితనం వల్లనే కాకపోవచ్చు.

పూర్తవుతుందన్న అంచనాలో మనం మహా ఆశావాదులం. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు కెనడాలో విద్యార్థులని థీసిస్ ఎప్పటికి ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 రోజులన్నారు. పట్టింది 55 రోజులపైనే. అంటే చెడ్డ అంచనా కూడా చాల్లేదు. తుప్పు వెనక ఏముందో తెలియని కారు విషయంలో ఇలాంటి అంచనా ఇంకా తక్కువ నమ్మదగ్గది. “దసరాకి రోడ్డెక్కిస్తా” అంటే ఏ దసరా అని అడగడం తప్పు కాదు.

గట్టి ఇనుము, మెత్తటి మనిషి

“ఆ రోజుల్లో రేకు ఎంత మందం! ఇప్పటివి గుద్దితే అప్పడంలా నలిగిపోతాయి” అన్న మాట వినని ఇల్లుండదు. 2009లో అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల హైవే భద్రతా సంస్థ ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షించింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నీ 2009 షెవర్లే మాలిబునీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా, ఒక పక్కగా ఢీకొట్టించారు. పాత కారులో డ్రైవరు కూర్చునే చోటే కుప్పకూలింది. కొత్తదానిలో ముందుభాగం నలిగింది, లోపల డ్రైవరుకి బదులు పెట్టిన బొమ్మ కూర్చున్న చోటు నిలబడింది. నలగడమే దాని పని. ఢీకొన్న శక్తిని రేకు తిని, మనిషి దాకా రానివ్వకుండా చేస్తుంది. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలవుతుందని గుర్తుంచుకుంటే, ఎయిర్‌బ్యాగూ ఏబీఎస్సూ లేని ముప్పై ఏళ్ల కారుని పిల్లలతో జాతీయరహదారి మీద తిప్పడం గురించి వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యింది 2019 ఏప్రిల్‌లోనే.

చట్టం సంగతి రెండు మాటల్లో. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరవాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. ఇంజనో బాడీయో ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. యాభై ఏళ్లు దాటినవాటికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది గానీ ఆ బండిని రోజువారీగా తిప్పకూడదు. ఢిల్లీలో, అక్కడ తిరగడానికి పెట్టిన వయసు హద్దు దాటిన కార్లు చౌకగా దొరుకుతాయి. ఎన్‌ఓసీ, మన రాష్ట్రంలో మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్ కలుపుకున్నాక ఆ చౌక ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకుని చూడండి.

అయితే ఏది కొనాలి?

ఇంట్లో ఒకే వాహనం ఉండబోతుంటే, దాని మీద పిల్లల స్కూలూ పెద్దవాళ్ల ఆస్పత్రీ ఆధారపడి ఉంటే, వ్యాగన్ఆర్. ఇందులో చర్చకి తావు లేదు. ముచ్చటపడ్డ బండికి కావలసిన మొదటి హక్కు చెడిపోయి పడి ఉండే హక్కు. ఒక్కగానొక్క కారుకి ఆ హక్కు మనం ఇవ్వలేం.

కానీ రోజూ తిరిగే బండి కారే అయి ఉండాలని ఎక్కడుంది? ఆఫీసుకి మెట్రోలోనో స్కూటీ మీదో వెళ్లే కుర్రాడికి రోజువారీ బండి ఆ స్కూటీయే. అతను కొనే మొదటి కారు జిప్సీ అయినా కొంప మునగదు. పైన కప్పున్న చోటు, నడుస్తున్న స్థితిలో ఉన్న బండి, బేరమాడిన ధరలో కనీసం సగం మళ్లీ ఖర్చుకి పక్కన పెట్టుకునే స్తోమత ఉంటే చాలు. నడుస్తున్నదే కొనాలని ఎందుకంటున్నానంటే, నడిచేదాన్ని మెరుగుపరచడంలో ప్రతి ఆదివారం ఏదో ఒకటి పూర్తవుతుంది. విప్పేసి ఉన్నదాన్ని కొంటే ఏళ్ల తరబడి ఏదీ పూర్తికాదు. కార్బొరేటర్‌తో కుస్తీ వద్దనుకుంటే ఇంజెక్షన్ వచ్చిన తరవాతి జిప్సీ చూసుకోండి. నా మటుకు నేను అదే సలహా ఇస్తాను.

పాత కారు చూడటానికి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా వెళ్లండి. ముందే స్టార్ట్ చేయొద్దని ఫోనులో చెప్పండి. నీరసపడ్డ బ్యాటరీ, జిగురు పట్టిన జెట్, అరిగిన ఇంజన్, అన్నీ ఆ మొదటి నిమిషంలోనే బయటపడతాయి. మీరు వెళ్లేసరికి బోనెట్ వేడిగా తగిలితే టీ తాగి, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి.